పాత పోస్టు మళ్లీ వేయండి, లింకు మాత్రం మార్చకండి

మీ బ్లాగులో నాలుగైదేళ్ల కింద కష్టపడి రాసిన పోస్టులు కొత్తగా వచ్చేవాళ్ల కంట పడటం లేదు, మళ్లీ వేస్తే పాత పాఠకులు విసుక్కుంటారేమో అనే కదా మీ సందేహం. నిక్షేపంగా వేయండి. మొదటి పేజీ దాటి వెనక్కి వెళ్లిన పోస్టు ఎంత మంచిదైనా అటకెక్కినట్టే. పక్కన నెలలవారీ జాబితా ఉంటుంది గానీ, పనిగట్టుకుని "2017 ఆగస్టు" మీద నొక్కి చదివేవాళ్లు బహు తక్కువ. పాత పాఠకులు అంటారా, అప్పుడు చదివింది చాలామందికి గుర్తుండదు. గుర్తున్నవాళ్లకి ఈసారి ఏం చేర్చారో మొదట్లోనే చెబితే చాలు. పాతదాన్ని కొత్తదని నమ్మించబోతే మాత్రం వాళ్లకి కచ్చితంగా ఒళ్లు మండుతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది ఇంకోచోట. పాత పోస్టు మొత్తం కాపీ చేసి, కొత్త పోస్టు తెరిచి అందులో అతికిస్తారు. అప్పుడు ఒకే మేటర్ రెండు లింకుల్లో ఉంటుంది. సెర్చ్ ఇంజన్లు దీనికి శిక్షంటూ ఏమీ వేయవు, కాకపోతే రెండిట్లో ఒకదాన్నే చూపిస్తాయి, అది ఏదన్నది మీ చేతిలో ఉండదు. ఇన్నేళ్లలో ఇతరులు ఇచ్చిన లింకులు, కింద జరిగిన చర్చ అంతా పాతదాని దగ్గరే ఉండిపోతుంది. పోనీ పాతది తీసేస్తే ఆ లింకులన్నీ 404 పేజీకి, అంటే "పేజీ లేదు" అనే చోటికి పోతాయి. అందుకని పాత పోస్టునే తెరిచి, అక్కడే దిద్ది, ప్రచురణ తేదీ మార్చి, అదే లింకుతో మళ్లీ ముందుకు తేవాలి. ఇప్పటికే కాపీ వేసేసి ఉంటే, అందులో కొత్తగా రాసిన ముక్కలు పాతదాంట్లో కలిపి, కాపీ తీసేసి, దాని లింకు నుంచి పాతదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వత దారి మళ్లింపు) పెట్టండి. బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోనే కస్టమ్ రీడైరెక్ట్స్ ఉంటాయి, అక్కడ "పర్మనెంట్" ఆన్ చేయడం మరవొద్దు. రెండూ వేర్వేరు సైట్లలో ఉండక తప్పదంటే కాపీ ఉన్న పేజీ కోడ్‌లో కనానికల్ ట్యాగ్ అనే లైను పెట్టి అసలుది ఏదో చెప్పొచ్చు. పెద్ద సెర్చ్ ఇంజన్లు 2009 నుంచి దాన్ని గుర్తిస్తున్నాయి. అయితే దాన్ని అవి సూచనగానే తీసుకుంటాయి, తప్పక పాటిస్తాయని లేదు.

తేదీ మార్చేముందు వర్డ్‌ప్రెస్ వాళ్లు సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ (పోస్టుల లింకులు ఎలా ఉండాలో చెప్పే చోటు) ఒకసారి చూసుకోండి. లింకులో సంవత్సరం, నెల వచ్చే పద్ధతి పెట్టుకుని ఉంటే, తేదీ మార్చగానే /2017/08/ కాస్తా కొత్త నెలగా మారిపోతుంది. అలాంటప్పుడు ప్రచురణ తేదీ జోలికి పోకుండా "చివరిగా దిద్దిన తేదీ" కనిపించేలా చేసుకోవడం మేలు. ఇంకో సంగతి, ఫీడ్‌లో (కొత్త పోస్టులను చందాదారుల రీడర్లకి అందించే జాబితాలో) ప్రతి పోస్టుకీ ఒక గుర్తింపు ఉంటుంది, దాన్నే జీయూఐడీ అంటారు. తేదీ మార్చినా అది మారదు కాబట్టి, దాన్ని చూసే ఫీడ్ రీడర్లు ఆ పోస్టును కొత్తదిగా చూపించవు. తేదీని బట్టి పంపే మెయిల్ సేవలు మాత్రం మళ్లీ పంపేస్తాయి. సగం దిద్ది తేదీ మార్చారో, ఆ సగమే అందరికీ చేరుతుంది. తేదీ ఎప్పుడూ ఆఖరున మార్చండి.

ఏవి ఎంచుకోవాలంటే, మీ సైటు గూగుల్ ఫలితాల్లో ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్కలు దొరుకుతాయి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) బాగా ఉండి, ఆ ఫలితాల్లో సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న పేజీలు ముందు పట్టుకోండి. జనం వెతుకుతున్నారు, మీ పోస్టు అంచు దాకా వచ్చి ఆగిందన్నమాట. ఎలా చేయాలో నేర్పేవి, వివరణలు దీనికి బాగా పనికొస్తాయి. వార్త మీద రాసినవి వదిలేయండి. అభిప్రాయ వ్యాసాల్లో ఒక్క వాక్యం కూడా మార్చొద్దని నా గట్టి మాట. అప్పటి ఆలోచన అప్పటిదే, ఇప్పుడు మనసు మారితే కొత్త పోస్టు రాసి దానికి లింకివ్వండి.

దిద్దేటప్పుడు మొదట "ఇటీవల", "ఈ ఏడాది", "గత వారం", "కొత్తగా వచ్చిన" అనే మాటలు వెతకండి. పోస్టు వయసు బయటపెట్టేవి ఇవే. "గత వారం వచ్చిన వెర్షన్" అన్నచోట వెర్షన్ నంబరు రాయండి. తర్వాత ప్రతి లింకూ నొక్కి చూడండి, చచ్చిపోయినవాటికి, పాత వెబ్ పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత ప్రతి దొరకొచ్చు. ఫ్లాష్‌తో పెట్టిన వీడియోలు 2020 చివరితో ఆగిపోయాయి, అవి ఉంటే తీసేయాల్సిందే. వ్యాఖ్యల్లో ఎవరైనా చూపించిన తప్పు ఇప్పుడు దిద్దితే, ఆ వ్యాఖ్య కిందే "సరిచేశాను" అని జవాబివ్వండి. లేకపోతే కొత్తగా చదివేవాళ్లకి ఆ వ్యాఖ్య దేని గురించో అంతుపట్టదు.

పోస్టు పైన ఇలాంటి గమనిక ఒకటి పెట్టండి: "మొదట 2017 ఆగస్టులో రాసినది. మూడో భాగం కొత్తగా రాశాను, పనిచేయని రెండు లింకులు మార్చాను." రెండు అక్షరదోషాలు దిద్ది తేదీ మార్చడం మాత్రం పాఠకుణ్ణి మోసం చేయడమే. కనీసం ఒక భాగమైనా కొత్తగా రాస్తేనే తేదీ ముట్టుకోండి.

నాలుగైదు కొత్త పోస్టులకి ఒక పాతది చొప్పున వేస్తే ఎవరికీ బరువనిపించదు. ఫేస్‌బుక్‌లో పంచుకునేముందు వాళ్ల షేరింగ్ డీబగ్గర్‌లో లింకు పెట్టి మళ్లీ స్క్రేప్ చేయించండి (పేజీని కొత్తగా చదివించండి), లేదంటే పాత శీర్షిక, పాత బొమ్మే రావచ్చు.

మళ్లీ వేయడం కన్నా నాకు ఇంకా నమ్మకమున్న దారి ఒకటుంది. "ఇక్కడ మొదలుపెట్టండి" అని ఒక పేజీ పెట్టి, అందులో ఎనిమిది పది పోస్టులు, ఒక్కోటీ ఎవరికి పనికొస్తుందో ఒక్క వాక్యంతో ఇవ్వండి. కొత్త పోస్టు రాసిన ప్రతిసారీ సందర్భం కుదిరినచోట ఒకటి రెండు పాతవాటికి లింకివ్వండి, ఆ పాతవాటిని తెరిచి ఈ కొత్తదానికి లింకు పెట్టండి. దీనికి పట్టేది పది నిమిషాలే, తేదీల గొడవే ఉండదు.

ఏది చేసినా, అయ్యాక లాగిన్ లేని విండోలో పాత లింకు టైప్ చేసి చూడండి. పేజీ నేరుగా తెరుచుకుని, వ్యాఖ్యలన్నీ కిందే ఉంటే పని సరిగా అయినట్టు.