కేబుల్ అని మీ అబ్బాయికి ఎలా తెలిసింది?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. ఫోటో స్టూడియో నడుపుతున్నాను. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా రెండో సంవత్సరం పూర్తి చేశాడు. పెళ్లి వీడియోలతో స్టూడియో కంప్యూటర్‌లో డిస్కులన్నీ నిండిపోయాయి. మరో డిస్కు తగిలించడానికి మదర్‌బోర్డు మీద చోటు లేదు. ఎక్కువ డిస్కులు తగిలించుకోవడానికి, సర్వర్లలో వాడి తీసేసిన ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ అనే పాత కార్డు కొని తెచ్చి బిగించాడు. మూడు రాత్రులు కుస్తీ పట్టినా డిస్కులు కనిపించలేదు. చివరికి కేబుల్ మార్చాక నాలుగూ కనిపించాయి. నా కళ్లకు రెండు కేబుళ్లూ ఒకేలా ఉన్నాయి. అప్పటి నుంచి డేటా సెంటర్ ఉద్యోగానికి వెళ్తానంటున్నాడు. స్నేహితులంతా కోడింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. ఇది మెకానిక్ పని అయిపోతుందేమోనని మా భయం. ఈ కార్డులు నాలుగేళ్ల తర్వాత ఉంటాయో ఉండవో కూడా తెలియదు. ఎటు పంపమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషించాను. అందులో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గరే నా జవాబు మొదలవుతుంది. మూడు రాత్రుల తర్వాత కేబుల్ మార్చాడన్నారు. తప్పు కేబుల్‌లోనే ఉందని అతనికి ఎలా తెలిసింది? ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ ఒక్క మాట అడగండి.

‘చేతికి దొరికినవన్నీ మార్చి చూశాను, చివరికి అది తగిలింది’ అంటే అబ్బాయికి ఓపిక ఉంది, పద్ధతి ఇంకా రాలేదు. అలా కాకుండా, ‘కార్డు పేరు కంప్యూటర్‌లో కనిపిస్తోంది కాబట్టి కార్డూ స్లాటూ బాగున్నాయి. చెయ్యి పెడితే డిస్కు తిరుగుతున్నట్టు తెలుస్తోంది కాబట్టి కరెంటు అందుతోంది. అదే డిస్కు మదర్‌బోర్డుకు తగిలిస్తే పనిచేస్తోంది. ఇక మిగిలింది మధ్యలో ఉన్న కేబులే’ అని చెప్పగలిగితే, నేను చాలామంది ఇంజినీరింగ్ పట్టభద్రులకు నెలల తరబడి నేర్పినా అబ్బనిది అతనికి అబ్బింది. ఈ రంగంలో జీతం ఇచ్చేది ఆ ఆలోచనకే. స్క్రూ బిగించడానికి ఎవరూ జీతం ఇవ్వరు.

కేబుల్ సంగతి మీకూ తెలియడం మంచిది, ఎందుకంటే అబ్బాయి పడిన కష్టం ఎలాంటిదో అప్పుడు అర్థమవుతుంది. ఆ కార్డు మీద రెండు సాకెట్లుంటాయి. ఒక్కో సాకెట్ నుంచి నాలుగు తోకలున్న కేబుల్ బయలుదేరి నాలుగు డిస్కులకు వెళుతుంది. ఆ లెక్కన కార్డు నేరుగా ఎనిమిది డిస్కులను మోస్తుంది. ఇదే ఆకారంలో ఇంకో రకం కేబుల్ కూడా ఉంది. అది మదర్‌బోర్డు మీది నాలుగు సాకెట్ల నుంచి బయలుదేరి, సర్వర్ లోపల డిస్కుల వెనక ఉండే బ్యాక్‌ప్లేన్ అనే పలకకు చేరుతుంది. మొదటిదాన్ని ఫార్వర్డ్ బ్రేకౌట్ అనీ రెండోదాన్ని రివర్స్ బ్రేకౌట్ అనీ అంటారు. రెండింటి కొసలూ అచ్చంగా ఒకటే, లోపల తీగల వరసే వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే పొగ రాదు, శబ్దం రాదు, తప్పు చెప్పే సందేశమూ రాదు. డిస్కులు ఊరికే కనిపించకుండా పోతాయి. మీ అబ్బాయి మొదట తెచ్చింది రివర్స్ రకమే అయి ఉంటుందని నా అంచనా. పాత సామాను కొనేవాళ్లలో చాలామంది మొదటిసారి దెబ్బ తినేది ఇక్కడే.

ఆ కార్డు విషయంలో అతను చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. అది సర్వర్ కోసం చేసిన కార్డు. సర్వర్‌లో ఫ్యాన్లు ఎడతెగకుండా గాలి తోస్తుంటాయి, మీ స్టూడియో క్యాబినెట్‌లో అంత గాలి ఆడదు. మే నెలలో మీ ఊరి ఎండకు ఆ కార్డు మీది హీట్‌సింక్, అంటే వేడిని పీల్చే లోహపు ముక్క, చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీదికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ బిగించమనండి. రెండోది స్లాట్. పొడవుగా కనిపించే స్లాట్లన్నీ సమానం కావు, కొన్నింటికి లోపల డేటా నడిచే దారులు నాలుగే ఉంటాయి. ఈ కార్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే స్లాట్ల ప్రమాణంలో రెండో తరానికి చెందినది, ఎనిమిది దారులది. దారికి సెకనుకు సుమారు 500 మెగాబైట్ల చొప్పున ఎనిమిది దారుల్లో 4,000, నాలుగైతే 2,000. తిరిగే డిస్కు ఎంత బాగా పనిచేసినా సెకనుకు 250 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది కాబట్టి, ఎనిమిది డిస్కులు ఒకేసారి పరుగెత్తినా నాలుగు దారుల స్లాట్ దాదాపు సరిపోతుంది. ఈ లెక్క అతనే వేసి మీకు చెప్పాలి. లెక్క వేశాక కొనేవాడు వేరు, కొన్నాక తల పట్టుకునేవాడు వేరు.

మూడోది ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపల ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాం. ఈ కార్డుకు ఐఆర్, ఐటీ అని రెండు రకాల ఫర్మ్‌వేర్లున్నాయి. మొదటిది డిస్కులను కలిపి, అన్నీ ఒక్కటిగా పనిచేసే రెయిడ్ గుంపుగా కట్టగలదు. రెండోది ఏ డిస్కును ఆ డిస్కుగా విడివిడిగా కంప్యూటర్‌కు అప్పగిస్తుంది. మీ అవసరానికి రెండోది చాలు. ఫర్మ్‌వేర్ మార్చాలనుకుంటే, కార్డు మీద అంటించిన చీటీలో ఉన్న సాస్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్య ముందే కాగితం మీద రాసుకోవాలి, పాతదాన్ని చెరిపేశాక అది మళ్లీ ఎక్కించవలసి వస్తుంది. ఆ పని మధ్యలో కరెంటు పోతే కార్డు చచ్చిపోవచ్చు. యూపీఎస్ లేకుండా చేయనివ్వకండి. ఈ కార్డు పేరులో ఉన్న ఎల్‌ఎస్‌ఐ కంపెనీని 2014లో అవాగో అనే కంపెనీ కొన్నది. ఆ అవాగో 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే పెట్టుకుంది. అందుకే ఈ కార్డు కాగితాల కోసం ఇప్పుడు బ్రాడ్‌కామ్ పేరుతో వెతకాలి.

ఇంకొక్క మాట, ఇది మీ ఇద్దరికీ. డిస్కును కొత్త చోట తగిలించినప్పుడు ‘ఇనిషియలైజ్ చేయమంటారా’ అని విండోస్ అడగవచ్చు. ఖాళీ డిస్కయితే, డిస్కు విభజనల పట్టిక రాసే జీపీటీ పద్ధతి ఎంచుకొని సరేననాలి, పాత ఎంబీఆర్ పద్ధతి రెండు టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. కానీ లోపల పెళ్లి వీడియోలున్న డిస్కుకు ఆ ప్రశ్న వస్తే చెయ్యి మౌస్ మీది నుంచి తీసేయాలి. వేలు జారి సరే నొక్కితే, లోపలి ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక పోతుంది. అందుకే ఆ ప్రశ్న రాగానే ఏదీ నొక్కకుండా, డిస్కు విప్పి పాతచోట తగిలించి చూడటమే సరైన పని.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు ఏళ్ల తరబడి సర్వర్ గదుల్లో పనిచేశాను. ఒక సంస్థలో ఐదు డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పాడైంది. మూడో నంబరు డిస్కు పోయిందని కంట్రోలర్, అంటే ఆ డిస్కులను నడిపే కార్డు, చెప్పింది. నేను ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి బయటికి లాగాను. ఆ కంట్రోలర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. నేను లాగింది బాగున్న డిస్కు. రెయిడ్ 5 ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండోది పోతే తట్టుకోదు. ముందు రాత్రి తీసిన బ్యాకప్ టేపు నుంచి వెనక్కి తెచ్చుకున్నాం గానీ ఆ రోజు ఉదయం నుంచి అక్కడివాళ్లు చేసిన పనంతా పోయింది. ఒకామె మూడు గంటలు కూర్చొని కట్టిన లెక్కలు మళ్లీ మొదటి నుంచి కట్టడం నేను చూస్తూ నిలబడ్డాను. ఆనాటి నుంచి డిస్కు ముట్టుకునే ముందు దాని సీరియల్ నంబరు చదివి, కాగితం మీద ఉన్నదానితో పోల్చుకోకుండా ఏ డిస్కూ లాగలేదు. మెకానిక్ పని అని మీరు భయపడే చోట ఇంత బాధ్యత ఉంది. మీ స్టూడియో డిస్కుల్లో ఉన్నవి ఎవరి పెళ్లిళ్లో, ఎవరి చివరి ఫోటోలో మీకు నాకంటే బాగా తెలుసు.

కార్డులు ఉంటాయా పోతాయా అన్నారు. తప్పకుండా మారతాయి. డిస్కులను కంప్యూటర్‌కు తగిలించే స్కజీ ప్రమాణం 1986లో వచ్చింది. ఆ కాలపు అడాప్టెక్ కంపెనీ కార్డులకు జంపర్లనే చిన్న బిళ్లలు చేత్తో మార్చి నంబర్లు కేటాయించేవాళ్లం. కార్డుకు సాధారణంగా ఏడో నంబరు, డిస్కులకు మిగతావి, కేబుల్ గొలుసు రెండు కొసలకూ సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే టెర్మినేటర్. ఒక్క టెర్మినేటర్ మరచిపోతే ఒక పూట డిస్కు కనిపించేది, మరో పూట మాయమయ్యేది. 2003లో సాటా, ఆ తర్వాత సాస్ అనే కొత్త ప్రమాణాలు వచ్చి ఆ తంతంతా తీసేశాయి. 2011లో ఎన్‌వీఎంఈ ప్రమాణం వచ్చాక డిస్కు నేరుగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదే కూర్చుంటోంది. ఇన్ని మారినా, కార్డు కనిపిస్తోందా, కరెంటు వస్తోందా, దారి బాగుందా, డిస్కు బాగుందా అని వరసగా అడిగే పద్ధతి మాత్రం ఒక్కటే. ఆ పద్ధతి వచ్చినవాడు కొత్త కార్డును పట్టుకోవడానికి వారం చాలు.

ఉద్యోగాల మాట ఉన్నదున్నట్టు చెబుతాను. వీధిలో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టుకొని బతకడం మునుపటికన్నా కష్టం. కొత్త లాప్‌టాపుల్లో విప్పి మార్చగలిగేవి తగ్గిపోతున్నాయి. కార్డులు, కేబుళ్లు, డిస్కులు ఇప్పుడు డేటా సెంటర్లనే పెద్ద భవనాల్లోకి చేరాయి. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని హైదరాబాద్‌లో 2022 నవంబరులో తెరిచింది. విశాఖపట్నంలో భారీ డేటా కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అయితే పెట్టుబడి అంకె చూసి ఉద్యోగాలు లెక్కపెట్టవద్దు. అలాంటి భవనం కట్టేటప్పుడు కావలసినంత మంది, నడిపేటప్పుడు అక్కర్లేదు. ఉన్న పోస్టుల్లో కూడా రాత్రి షిఫ్టులుంటాయి, చెవులు గింగురుమనే ఫ్యాన్ల హోరులో నిలబడి పనిచేయాలి. అబ్బాయికి ఇది ముందే తెలియాలి.

మొదటి మెట్టు డేటా సెంటర్ టెక్నీషియన్. పాడైన డిస్కు మార్చడం, కేబుళ్లు వేయడం, ఏం చేశాడో రాసి పెట్టడం అక్కడి పని. అక్కడే ఆగిపోకుండా పైకి వెళ్లాలంటే సర్వర్లను నడిపే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం రావాలి. స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్ అయ్యేవాళ్లు, సర్వర్లను విడిగా ఉండే డిస్కుల పెట్టెలకు కలిపే ఫైబర్ ఛానెల్ కార్డుల మీద పనిచేస్తారు. ఏ సర్వర్ ఏ డిస్కుల పెట్టెతో మాట్లాడాలో జోనింగ్‌తో, అందులో ఏ భాగం దానికి కనిపించాలో లన్ మాస్కింగ్‌తో నిర్ణయిస్తారు. పేరు వేరే గానీ అది మీ అబ్బాయి చేసిన పనికి పెద్దన్న. కోడింగ్ కూడా శత్రువు కాదు. వంద సర్వర్లలో ఏ డిస్కు చెడిపోబోతోందో చూసి చెప్పే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాయగలిగితే, పక్కన ఉన్న టెక్నీషియన్ కన్నా అతను ముందుంటాడు. కానీ స్నేహితులు చేరారని నలభై, యాభై వేలు కట్టి ‘ఉద్యోగం గ్యారంటీ’ అనే కోర్సులో చేర్చకండి. ఈ విషయంలో నాకు చాలా కోపం ఉంది. అప్పు చేసి కట్టి, చివరికి ఒక సర్టిఫికెట్ కాగితంతో తిరిగొచ్చిన పిల్లలను ఎందరినో చూశాను.

ఆ డబ్బులో కొంత, రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే లినక్స్ పరీక్షకు దాచండి. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, యంత్రం ముందు కూర్చొని పని చేసి చూపించాలి. డిస్కు విభజించడం, అది ప్రతిసారీ దానంతటది తగిలేలా చేయడం ఆ పాఠ్యాంశాల్లోవే. కంప్యూటర్ మరమ్మతు మీద ఉండే కాంప్‌టియా ఏ ప్లస్ పరీక్ష కూడా మంచిదే గానీ, ఇంత పని చేతులతో చేసిన పిల్లవాడికి నేనయితే ముందు లినక్స్ చెబుతాను.

మూడో సంవత్సరంలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంటుంది. దాన్ని దగ్గర్లో ఉందని ఏదో ఒక చోట చేయించవద్దు. సర్వర్ గది ఉన్న చోట, బ్యాంకో ఆసుపత్రో కళాశాలో ఏదైనా సరే, అక్కడ దొరికేలా ఇప్పటి నుంచే ప్రయత్నించండి. ఈసెట్ తప్పకుండా రాయించండి. రెండో సంవత్సరం ఇంజినీరింగ్‌లో చేరే దారి అది, పదేళ్ల తర్వాత పదోన్నతి దగ్గర డిగ్రీ అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వెంటనే సంపాదన అవసరమైతే డిప్లొమా తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ కూడా ఉంది, స్టైపెండ్ ఇస్తారు.

ఈలోగా అబ్బాయికి ఒక లాంగ్ నోటుబుక్కు కొనివ్వండి. ఆ మూడు రాత్రుల్లో ఏం చేశాడో, ఏం అనుకున్నాడో, ఏది తప్పయిందో తేదీలతో రాయమనండి. మొదట తెలుగులో, తర్వాత అదే ఇంగ్లీషులో. డేటా సెంటర్‌లో షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాడికి అప్పజెప్పేది ఆ రాతే. ఇంటర్వ్యూలో ఆ పుస్తకం బల్ల మీద పెడితే, అవతలివాళ్లు దాని మీదే ప్రశ్నలు అడుగుతారు. వాటికి అతని దగ్గర జవాబులున్నాయి.

ఇక మీ స్టూడియో సంగతి. నాలుగు డిస్కులు కనిపించినంత మాత్రాన వీడియోలు భద్రంగా ఉన్నట్టు కాదు, రెయిడ్ కట్టినా అంతే. ప్రతి పెళ్లికీ మూడు ప్రతులు ఉండాలి, అందులో ఒకటి స్టూడియోలో కాకుండా మీ ఇంట్లో ఉండాలి. శ్రావణ మాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం చూసి, పాత పెళ్లి ఒకటి మీరే ఎంచుకొని, ఆ వీడియో ఉన్న డిస్కును కంప్యూటర్ ఆపి విప్పేయమనండి. ఇంట్లో ఉన్న ప్రతి నుంచి ఆ పెళ్లిని మీ కళ్ల ముందు మళ్లీ తెచ్చి చూపించమనండి. ఎంతసేపు పట్టిందో నోటుబుక్కులో రాయించి, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి.