హాస్టల్లో ఆపద వేళ

ప్రశ్న: మా విశ్వవిద్యాలయ హాస్టల్లో ఆపద సమయానికి విద్యార్థులం ముందుగా ఏ ఏర్పాట్లు చేసుకోవాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతోపాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి కనుక, ఫోను పనిచేయకపోతే ఎక్కడ కలుసుకోవాలో, ఎవరెవరు వచ్చారో ఎవరు చూడాలో ఇప్పుడే నిర్ణయించుకోండి. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, ఊరి మీదుగా వెళ్లేటప్పుడు గాలి తగ్గి, కొంతసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆ విరామంలో బయటికి రావద్దు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి వ్యాపించినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. అందుకే తలుపు కొట్టి లేపే బాధ్యతను ప్రతి అంతస్తులోనూ ఇద్దరికి అప్పగించడం, నడవలేని స్నేహితులెవరో వారికి తెలిసి ఉండడం అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మెట్లదారికి తాళం కనిపిస్తే వార్డెన్‌కు అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి. అత్యవసర సహాయానికి 112కు ఫోను చేయాలి.