పెత్తందారు లేని గ్రూపులో పలకనివాళ్లనీ, రచ్చ చేసేవాళ్లనీ ఏం చేయాలి?

గుంటూరు నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఆన్‌లైన్ సంఘానికి అధ్యక్షుడంటూ ఎవరూ లేరు, ఏదైనా ఓటుతోనే తేలాలి. సగం మంది నెలల తరబడి ఉలకరు పలకరు, ఇద్దరు ముగ్గురు రోజూ రచ్చ చేస్తారు. ఒక్క పోల్ పెట్టి అందరినీ తీసేయొచ్చా అని. వద్దండీ. ఇవి రెండు వేరే వేరే వ్యవహారాలు. ఒకే గాటన కడితే ఎవరినీ ఏమీ అనని మనిషి కూడా దోషిలా బయటికి పోతాడు.

మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు నీళ్లలో ఉన్నప్పుడు పాలు, మందులు, పడవల సమాచారం కోసం పుట్టిన వాట్సాప్ గ్రూపులే మా సంఘం. నీళ్లు తీశాక కూడా ఎవరూ మూసేయలేదు. పేటకో గ్రూపు, దేని అడ్మిన్లు దానికే. అందరికీ సంబంధించిన విషయమైతే ఉమ్మడి ఓటు. ఇప్పుడు వాన హెచ్చరికలు, రక్తదానం, కాలవ పూడికల ఫిర్యాదులు నడుస్తుంటాయి.

పలకనివాళ్ల గురించి ముందు చెప్తాను. మా గ్రూపుల్లో చాలామంది ఏడాది పొడుగునా ఒక్క ముక్క రాయరు. కానీ చదువుతారు. ఓ రాత్రి ఓ నెగెటివ్ రక్తం కావాలని పెడితే ముందుగా 'వస్తున్నా' అన్నది అప్పటిదాకా గుడ్ మార్నింగ్ కూడా పెట్టని ఆటోనగర్ మెకానిక్. (గుడ్ మార్నింగ్ పెట్టకపోవడం నా దృష్టిలో అదనపు అర్హత.) పలకనివాళ్లతో అసలు ఇబ్బంది రెండుచోట్లే వస్తుంది: ఓటు లెక్కలో, అడ్మిన్ హక్కుల్లో. ఆ రెండూ సరిచేసుకుంటే మనిషిని తీయాల్సిన పనే ఉండదు.

ఓటు సంగతి చూడండి. 'సభ్యుల్లో సగం మంది ఓటేస్తేనే చెల్లుతుంది' అనే రూలు ఉంటే ఏ తీర్మానమూ గట్టెక్కదు. మాకూ అదే అయ్యింది. అప్పుడు మాలో సాఫ్ట్‌వేర్ చేసే ఒకమ్మాయి డెబియన్ పద్ధతి చెప్పింది. ప్రపంచమంతా చెదిరి ఉన్న వాలంటీర్లు కలిసి తయారుచేసే లినక్స్ అది, అంటే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. దానికి 1998 నుంచి రాసిపెట్టిన రాజ్యాంగం ఉంది. అందులో కోరం (తీర్మానం చెల్లడానికి కావాల్సిన కనీస ఓట్లు) లెక్క భలే ఉంటుంది: సభ్యుల సంఖ్యకు వర్గమూలం తీసి, అందులో సగాన్ని మూడుతో గుణిస్తారు. వెయ్యి మంది ఉంటే 48 మంది మొగ్గు చూపితే చాలు. జనం పెరిగినా కోరం అదే లెక్కన పెరగదు కాబట్టి పలకనివాళ్లు ఎంతమంది ఉన్నా పని ఆగదు. మేమూ అదే పెట్టుకున్నాం. 400 మందికి 30 ఓట్లు. ఆ తర్వాత 'వీళ్లందర్నీ తీసేద్దాం' అనే మాటే మా దగ్గర వినపడలేదు.

అడ్మిన్ హక్కులకు మాత్రం నేను కఠినంగానే ఉంటాను. పలకని మనిషి చేతిలో తాళంచెవి ఉండకూడదు. వికీపీడియాల్లో కూడా, సొంత నియమం లేని చోట్ల, రెండేళ్లు ఏ పనీ చేయని నిర్వాహకుడి హక్కులను సమీక్షకు పెడతారు. ముందు కబురు చేస్తారు, జవాబు లేకపోతే హక్కులు పోతాయి, ఖాతా మాత్రం అలాగే ఉంటుంది. మేం ఆరు నెలలని పెట్టుకున్నాం. తిరిగొచ్చి అడిగితే మళ్లీ ఇస్తాం.

ఇక రచ్చ చేసేవాళ్లు. మా పాయకాపురం గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు, అందరం బాబాయ్ అంటాం. ఓ వానరాత్రి 'బుడమేరు మళ్లీ తెగింది' అని పాత వీడియో పెట్టారు. జనం ఫ్రిజ్‌లు, గ్యాస్ బండలు మేడ మీదికి మోశారు.

'బాబాయ్, అది పోయిన వరదప్పటిది కదా?'

'నాకొచ్చింది, పంపించాను. జాగ్రత్తగా ఉండమన్నా తప్పేనా?'

వెంటనే తీసేయమని సగం మంది. కానీ మా రూలు మెట్లుమెట్లుగా ఉంటుంది: ముందు విడిగా ఫోన్, రెండోసారికి వారం పాటు ఆయన మెసేజీలు అడ్మిన్ చూశాకే గ్రూపులోకి, మూడోసారికి ఓటు. ఆయన రెండో మెట్టు దగ్గరే ఆగారు. వారం అలిగారు, అంతే.

డబ్బు విషయంలో మాత్రం మెట్లు లేవు. ఒకతను గ్రూపు పేరు చెప్పి తన సొంత క్యూఆర్ కోడ్ పెట్టి చందాలు వసూలు చేశాడు. ఇలాంటప్పుడు ఏ ఇద్దరు అడ్మిన్లయినా కలిసి అక్కడికక్కడే తీసేయొచ్చు. 48 గంటల్లో కారణం రాసి ఓటుకు పెట్టాలి, నెగ్గకపోతే వెనక్కి తీసుకోవాలి. అభ్యంతరం ఉంటే వినేది వేరే పేట అడ్మిన్లు, తీసినవాళ్లు కాదు. ఈ ఒక్క ఏర్పాటు వల్ల 'మీరు మీరు ఒకటి' అనే నింద చాలావరకు తప్పింది.

అతను తర్వాత ఇంకో పేట గ్రూపులో చేరాడు. దాన్ని మేం ఆపలేదు. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటూ ఒకదానితో ఒకటి కలిసి ఉండే సోషల్ నెట్‌వర్క్ మాస్టోడాన్‌లో కూడా అంతే, ఒక సర్వర్ ఎవరినైనా తన గుమ్మం దగ్గర ఆపగలదు తప్ప మొత్తం నెట్‌వర్క్ నుంచి వెళ్లగొట్టలేదు. 2019లో, ద్వేషపు రాతలకు పేరుపడ్డ గ్యాబ్ అనే సైటు ఆ సాఫ్ట్‌వేర్ వాడుకుని వచ్చినప్పుడు చాలా సర్వర్లు ఎవరికి వారే దాన్ని బ్లాక్ చేశాయి. మేమూ జరిగింది జరిగినట్టు అన్ని పేటల అడ్మిన్లకు చెప్తాం, నిర్ణయం వాళ్లది.

మీరు పోల్ పెట్టేముందు ఒకటి కనుక్కోండి. వాట్సాప్‌లో గ్రూపు సృష్టించిన మనిషిని మిగతా అడ్మిన్లు తీయలేరు. మా ఒక పేట గ్రూపు సృష్టించినాయన దుబాయ్ వెళ్లి ఎవరికీ దొరకలేదు. చివరికి కొత్త గ్రూపు పెట్టి అందరం అందులోకి మారాం. మీ గ్రూపు సృష్టించింది ఎవరో, ఆయన ఇప్పటికీ పలుకుతున్నారో లేదో చూసుకోండి. రచ్చ చేసేది ఆయనే అయితే మాత్రం పోల్ దండగ, నేరుగా మారిపోండి.