డీప్‌వాటర్ హొరైజన్: ప్రభుత్వం వైపు జవాబు చెప్పాల్సింది ఎవరు?

మీరు అడిగింది ఇది: 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్ (సముద్రంలో బావి తవ్వే వేదిక) మీద చమురు బావి పేలి 11 మంది చనిపోయారు, బావి యజమాని బీపీ కంపెనీ 2,080 కోట్ల డాలర్లకు కేసుల రాజీ ఒప్పందం చేసుకుంది, మరి పర్యవేక్షించాల్సిన అమెరికా ప్రభుత్వంలో ఎవరికి శిక్ష పడింది? తప్పు బుష్‌దా, ఒబామాదా?

పేలుడు కేసులో ప్రభుత్వాధికారి ఎవరూ జైలుకు వెళ్లలేదు. సముద్ర చమురు బావులకు పర్మిట్లిచ్చి తనిఖీ చేసే మినరల్స్ మేనేజ్‌మెంట్ సర్వీస్ (ఎం.ఎం.ఎస్.) డైరెక్టర్ లిజ్ బిర్న్‌బామ్ మే 27న రాజీనామా చేశారు. ఆమె ఆ కుర్చీలో కూర్చుని ఏడాది కూడా కాలేదు. సముద్ర డ్రిల్లింగ్ విభాగాన్ని చూసే క్రిస్ ఓయిన్స్ రిటైరయ్యారు. వాళ్లపైన ఉన్న ఇంటీరియర్ మంత్రి (అమెరికాలో ప్రభుత్వ భూములు, సహజ వనరులు చూసే మంత్రి) కెన్ సలజార్ 2013 దాకా పదవిలోనే కొనసాగారు.

ఏ అధ్యక్షుడిది తప్పు అని మొదలుపెడితే ఈ విషయం తేలదు. తిలా పాపం తలా పిడికెడు అనుకుంటే అసలే తేలదు. కాగితం పట్టుకోవాలి. ఏ పర్మిట్ మీద ఎవరి సంతకం, ఆ సంతకానికి ఏ నియమం ఆధారం, ఆ నియమం వెనక ఏ చట్టం? ఈ వరుసలో చదివితే ఎవరి వాటా ఎంతో కనబడుతుంది.

ముందు సంతకం. బావి అదుపు తప్పితే మూసేయడానికి దాని నోటి మీద బిగించే యంత్రం బ్లోఅవుట్ ప్రివెంటర్. అందులో బ్లైండ్ షియర్ ర్యామ్ అనే భాగం ఉంటుంది. రెండు ఉక్కు దిమ్మెలు ఎదురెదురుగా దూసుకొచ్చి డ్రిల్ పైపును కోసి బావి నోరు మూసేయాలి. పైపు ముక్కలు కలిసే జాయింట్ దగ్గర లోహం మందంగా ఉంటుంది, అక్కడ తెగదు. పైపు వంగి పక్కకు జరిగినా సరిగా తెగదు, ఆ రాత్రి అదే జరిగింది. గరిష్ఠ పీడనంలో ర్యామ్ ఆ పైపును కోయగలదని రుజువు జతచేయాలని నియమం అప్పటికే ఉంది. పర్మిట్ ఇచ్చిన ఎం.ఎం.ఎస్. ఇంజనీరు ఆ రుజువు అడగలేదని విచారణలో ఒప్పుకున్నాడు. ఉన్న నియమాన్ని వాడకపోవడం ఇది, కాబట్టి ఈ తప్పు ఆఫీసుదే.

రెండోది ఇంకా ముఖ్యం. బావిని తాత్కాలికంగా మూసి రిగ్‌ను తీసుకెళ్లేటప్పుడు లోపల సిమెంటు ప్లగ్ వేస్తారు. దాని పైకొన సముద్రం అడుగు నుంచి 1,000 అడుగుల లోపే ఉండాలి, అంతకంటే కిందికి వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. బీపీ 3,300 అడుగుల కింద వేస్తానని ఏప్రిల్ 16న అడిగింది, అదే రోజు అనుమతి వచ్చింది. దీనివల్ల ఏమవుతుందంటే, గాలన్‌కు 14 పౌండ్ల బరువుండే డ్రిల్లింగ్ మడ్ అనే బురదలాంటి ద్రవాన్ని ప్లగ్ వేయకముందే అంత లోతు దాకా తోడేసి, దాని చోట గాలన్‌కు 8.6 పౌండ్ల సముద్రపు నీరు నింపుతారు. వాయువును అణిచిపెట్టే బరువు పోతుంది, ఇక అడ్డంగా మిగిలేది బావి అడుగున ఉన్న సిమెంటు ఒక్కటే.

ఆ సిమెంటు నిలిచిందో లేదో చూసేదే నెగటివ్ ప్రెషర్ టెస్ట్. పైన పీడనం వదిలేసి గేజీ చూస్తారు, ముల్లు సున్నా మీదే ఉండాలి. ఆ రోజు డ్రిల్ పైపు మీద 1,400 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం చూపింది, బావిలోకి వెళ్లే మరో గొట్టమైన కిల్ లైన్‌లో సున్నా చూపింది. సున్నా చూపినదాన్నే నమ్మి పాసైందన్నారు. ఇందులో ప్రభుత్వం పాత్ర ఏమిటంటే, ఈ పరీక్ష చేసి తీరాలని గానీ, ఎలా చేయాలని గానీ, ఎంత చూపితే ఆపాలని గానీ నియమాల్లో ఒక్క లైను కూడా లేదు. ఏప్రిల్ 1న ఇన్‌స్పెక్టర్లు ఆ రిగ్‌ను తనిఖీ చేసి ఉల్లంఘనలేవీ లేవని రాశారు. రాయని నియమాన్ని ఉల్లంఘించడం కుదరదు కదా. ఈ ఖాళీకి బాధ్యత ఏళ్ల తరబడి నియమాలు రాయకుండా వదిలేసిన అందరు ఇంటీరియర్ మంత్రులదీ.

తనిఖీ బలగం సంగతి: గల్ఫ్‌లో సుమారు 3,000 కట్టడాలకు 55 మంది ఇన్‌స్పెక్టర్లు. పసిఫిక్ తీరంలో 23 కట్టడాలకు 5 మంది. ఈ తేడాను బడ్జెట్ ఇచ్చే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందే చూడాల్సింది. పైగా లూసియానాలోని లేక్ చార్లెస్ ఆఫీసు గురించి 2010 మేలో ఇన్‌స్పెక్టర్ జనరల్ (ఆ శాఖలో అక్రమాలను విచారించే అధికారి) నివేదిక వచ్చింది: కంపెనీల నుంచి కానుకలు తీసుకున్నారని, ఒక ఇన్‌స్పెక్టరు ఒక కంపెనీతో ఉద్యోగం మాట్లాడుకుంటూనే దాని ప్లాట్‌ఫారాలను తనిఖీ చేశాడని. కంపెనీవాళ్లు ఫారాల్ని పెన్సిల్‌తో నింపితే ఇన్‌స్పెక్టర్లు దానిమీద పెన్నుతో దిద్దారన్న ఆరోపణ కూడా అందులో ఉంది. డెన్వర్ ఆఫీసు మీద ఇలాంటి నివేదికే 2008లో, అంటే బుష్ హయాంలోనే వచ్చింది. హెచ్చరిక లేదని రెండు ప్రభుత్వాల్లో ఎవరూ అనలేరు. అయినా 2010 మార్చి 31న ఒబామా సముద్ర డ్రిల్లింగ్‌ను విస్తరిస్తామని ప్రకటించారు.

చివరిగా చట్టం, జనం అసలు చూడనిది. అన్వేషణ ప్రణాళిక అందిన 30 రోజుల్లో తేల్చేయాలని సముద్ర చమురు చట్టంలో గడువుంది. ఆ గడువునే చూపించి పర్యావరణ సమీక్షలను తప్పించేవారు. ఈ బావి కూడా 2009లో అలా మినహాయింపు పొందింది. చమురు చిందితే నష్టపరిహార పరిమితి 7.5 కోట్ల డాలర్లని 1990 చట్టం పెట్టింది (శుభ్రం చేసే ఖర్చు వేరు). దాన్ని ఎత్తేసే బిల్లు 2010 జూలైలో ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. అడ్డుకున్నవాళ్లు ప్రజలు ఓటేసి పంపినవాళ్లే. రాజకీయ బాధ్యత అని అడిగినప్పుడు నేను మొదట వేలు చూపేది అటే. ప్రభుత్వం మీద దావా వేద్దామన్నా అధికారుల విచక్షణ కింద తీసుకున్న నిర్ణయాలకు ఫెడరల్ చట్టంలో రక్షణ ఉంది, అందుకే కోర్టు దారి దాదాపు మూసుకుపోయినట్టే.

తర్వాత ఎం.ఎం.ఎస్.ను విడగొట్టారు. లీజులు ఒక సంస్థకు, భద్రత ఇంకో సంస్థకు, వసూళ్లు మూడోదానికి ఇచ్చారు. 1982 నుంచి ఈ మూడూ ఒకే చేతిలో ఉండేవి కాబట్టి ఇది మంచి పనే. నెగటివ్ టెస్ట్ కూడా నియమాల్లోకి వచ్చింది. 2016లో బావి నియంత్రణ నియమాలు గట్టిపడ్డాయి, 2019లో వాటిలో కొన్ని సడలాయి. అధ్యక్షుడు నియమించిన జాతీయ కమిషన్ మాత్రం ఇంకో మాట చెప్పింది: భద్రతా సంస్థ అధిపతికి నిర్ణీత పదవీకాలం ఇచ్చి, రాజకీయ ఒత్తిడికి దూరంగా ఉంచాలని. కాంగ్రెస్ ఆ చట్టం చేయలేదు. ఆ డైరెక్టరు నేటికీ మంత్రి ఇష్టం ఉన్నంతకాలమే ఆ కుర్చీలో ఉంటాడు.