లాజిక్‌లో పీహెచ్‌డీ: స్థలం తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఎమ్మెస్సీ గణితం పూర్తిచేసింది. మ్యాథమెటికల్ లాజిక్‌లో (గణిత నిరూపణలను, వాటి నియమాలను పరిశీలించే శాఖ) పీహెచ్‌డీ చేస్తానంటోంది. మూడు చోట్ల సీటు వచ్చింది. బ్రిటన్‌లో బాగా పేరున్న యూనివర్సిటీ, కానీ స్కాలర్‌షిప్ లేదు. మూడేళ్లకు 90 లక్షలు దాటుతుంది. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, టీచింగ్ అసిస్టెంట్‌గా ఏడాదికి 24 వేల డాలర్లు ఇస్తానంది. చెన్నైలో ఫెలోషిప్‌తో సీటుంది. నాకు నాలుగేళ్లలో రిటైర్మెంట్. మంగళగిరి దగ్గరి స్థలం తాకట్టు పెట్టి 60 లక్షల అప్పు తెచ్చి బ్రిటన్ పంపాలని ఉంది. సరైనదేనా?

జవాబు: వద్దండి. ఆ స్థలం జోలికి వెళ్లకండి.

మీకు తెలిసిన పిల్లలు అప్పుచేసి ఎంఎస్‌కి వెళ్లి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాగానే తీర్చేయడం చూసే ఉంటారు. ఆ లెక్క లాజిక్ పీహెచ్‌డీకి పనికిరాదు. ఇక్కడ మీ అమ్మాయి పరిశోధన చేస్తుంది, పాఠాలు చెబుతుంది, పేపర్లు దిద్దుతుంది. ఆ పనికి డబ్బు యూనివర్సిటీయే ఇవ్వాలి. నెదర్లాండ్స్‌లోనైతే పీహెచ్‌డీ చేసేవాళ్లను ఎక్కువగా జీతమిచ్చే ఉద్యోగులుగానే తీసుకుంటారు. నిధులు లేని సీటును, ఎంత పేరున్న చోటిదైనా, నేను సీటుగా లెక్కేయను.

అప్పు సంగతి చూడండి. ఏడాదికి 20 లక్షల చొప్పున మూడేళ్లు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు, ఆపై కిస్తీ కట్టక్కర్లేని ఏడాది విరామం ముగిసేసరికి బారువడ్డీయే 18 లక్షలు. మొత్తం 78 లక్షలు. పదిహేనేళ్ల గడువు పెట్టుకున్నా కిస్తీ నెలకు దాదాపు 84 వేలు. పీహెచ్‌డీ అయ్యాక మన దేశంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం దొరికితే యూజీసీ స్కేల్లో మొదటి మూలవేతనం 57,700. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిపినా కిస్తీ పోగా చేతిలో మిగిలేది అంతంతమాత్రం. పైగా ఆ ఉద్యోగానికి ముందు రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, తప్పకపోవచ్చు. అప్పటికి మీరు పెన్షన్ మీద ఉంటారు.

ఇక మిగిలినవి రెండు. అమెరికా ఆఫర్ లెటర్ ఒకసారి తీసి, నిదానంగా చదవండి. 24 వేలు తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవిలో జీతం ఎవరిస్తారు? ఎన్నేళ్లకు హామీ ఉంది? ఐదేళ్లని స్పష్టంగా రాశారా, లేక ఏటా కొత్తగా నిర్ణయిస్తామన్నారా? ట్యూషన్ మాఫీ అయినా విద్యార్థి ఫీజులు, ఆరోగ్య బీమా విడిగా కట్టమంటారా? ఈ నాలుగు ముక్కల్లోనే అసలు జీతం తేలుతుంది. వీసా, టికెట్, గది అడ్వాన్సు, మొదటి జీతం వచ్చేదాకా ఖర్చు, వీటికి మీరు నాలుగైదు లక్షలు ఎఫ్‌డీలో పక్కన పెడితే చాలు.

చెన్నైని చిన్నచూపు చూడకండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్థాయి ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. హాస్టల్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ అదనం. లాజిక్‌కీ థియరిటికల్ కంప్యూటర్ సైన్స్‌కీ మధ్య జరిగే పనికి ఆ ఊరు పేరున్నదే. ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్), సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) రెండూ అక్కడే ఉన్నాయి. ప్రోగ్రాములో తప్పుల్లేవని గణితపరంగా నిరూపించే పనికి అమెజాన్ లాంటి కంపెనీలు కూడా లాజిక్ చదివినవాళ్లను తీసుకుంటున్నాయి. కాబట్టి అధ్యాపక ఉద్యోగం ఒక్కటే దారి కాదు.

ఈ రెంటిలో ఏదో తేల్చాల్సింది మీరు కాదు, మీ అమ్మాయి. చాలా గణిత విభాగాల్లో లాజిక్ చేసేవారు ఒకరిద్దరే ఉంటారు. లాజిక్‌లోనూ వేర్వేరు శాఖలుంటాయి. ఆమెకు ఇష్టమైనది సెట్ థియరీ అయి, అక్కడున్న ఒక్క గైడ్ మోడల్ థియరీ మనిషైతే, ఎంత స్టైపెండ్ వచ్చినా ఐదేళ్లు భారంగా నడుస్తాయి. ఆ ఒక్కరూ రిటైరైనా, వేరే చోటికి మారినా విద్యార్థి దిక్కులేక మిగులుతుంది. ఆ గైడ్ దగ్గర ఇటీవల పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోమనండి. ఇద్దరికి మెయిల్ రాస్తే ఒకరైనా జవాబిస్తారు.

అమెరికాలో చాలా యూనివర్సిటీలు నిధులతో ఇచ్చే సీటుపై నిర్ణయానికి ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. పైన రాసిన ప్రశ్నలన్నీ ఈ వారమే విభాగానికి మెయిల్ చేయించండి. జవాబు మాటల్లో చెబితే సరిపోదు, రాతపూర్వకంగానే తీసుకోండి. ఐదేళ్ల హామీ రాసిచ్చి, గైడ్ కుదిరితే అమెరికా. అలా రాసివ్వకపోతే చెన్నై.