తొట్టి అంచున ఇనుప ముక్క, ఎక్కడికీ చేరని మెట్లు

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరకు ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆ ఊరి పాత చర్చి చూశాను. 13వ శతాబ్దపు కట్టడమని బోర్డు మీద ఉంది గాని లోపలి బల్లలు, నేల మీది రంగు పలకలు, కిటికీ అద్దాలు నిన్న మొన్నటివిలా ఉన్నాయి. బాప్తిస్మమిచ్చే రాతి తొట్టి అంచున విరిగిన ఇనుప ముక్క, గోడలో అడుగున బెజ్జమున్న చిన్న గూడు, పైకి వెళ్లి గోడకు ఆగిపోయిన మెట్లు కనిపించాయి. ఇవేమిటి? ఆ చర్చిలో నిజంగా పాతది ఎంత?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: మీ అనుమానం సబబే. మీకు కొత్తగా తోచినవి చాలావరకు 19వ శతాబ్దపు జీర్ణోద్ధరణలో వచ్చి ఉంటాయి. 1839లో కేంబ్రిడ్జిలో పుట్టిన ఒక సంఘం కోసు తోరణాలుండే మధ్యయుగపు గోథిక్ కట్టడ పద్ధతే చర్చికి తగినదని గట్టిగా ప్రచారం చేయడంతో, ఊరూరా తలుపులున్న పెట్టెల వంటి పాత ఆసనాలను పీకేసి వరుస బల్లలు వేశారు, నేల మీద బొమ్మల పలకలు పరిచారు. కూలబోతున్న కప్పులు నిలిచింది కూడా ఆ పనుల వల్లనే కనుక అంతా తప్పనలేము. అయితే గోడల సున్నపు పూత గీకి రాయి బయట పెట్టినచోట, పూత మీది పాత చిత్రాలు కూడా రాలిపోయాయి. వట్టి రాతి గోడను చూసి ప్రాచీనమని మురిసిపోతాము గాని, మధ్యయుగంలో ఆ గోడలు పూతతో, రంగులతో ఉండేవి. ఈ గీకుడుకు అడ్డం పడాలనే 1877లో ఆంగ్ల కవి, కళాకారుడు విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు.

ఇక మీరు చూసిన మూడింటి సంగతి. తొట్టిలో మంత్రించిన నీటిని చాలా రోజులు నిలవ ఉంచేవారు. దానిని క్షుద్ర ప్రయోగాలకు ఎత్తుకుపోతారన్న భయంతో, తొట్లకు మూత పెట్టి తాళం వేయాలని 1236లో ఇంగ్లండు చర్చి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ ఆజ్ఞాపించాడు. రాతికి తొలిచిన గుంటలో ఇనుప కొక్కెం నిలిపి, చుట్టూ సీసం కరిగించి పోసేవారు. తర్వాత మూత పోయినా, కొక్కెం మొదలు రాతిలోనే మిగిలింది.

గోడలోని గూడును పిసీనా అంటారు. పూజ చేసే గురువు చేతులూ పాత్రా కడిగిన నీరు ఆ బెజ్జం గుండా గోడలోకి దిగి, ప్రతిష్ఠ చేసిన నేలలోనే ఇంకేది. అభిషేక జలం కాలి కింద పడకూడదని పట్టించుకునే మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఆ గూడు ఎక్కడ కనిపించినా, దాని పక్కన ఒకప్పుడు బలిపీఠం ఉండేదని లెక్క.

అన్నిటికంటే ఆసక్తికరమైనవి మెట్లు. జనం నిలిచే మండపానికీ, బలిపీఠమున్న లోపలి భాగానికీ మధ్య చెక్కడపు కొయ్య తెర, దానిపైన సన్నని అటక, అందరికీ కనిపించేలా పెద్ద సిలువ, దానికి ఇరువైపులా మరియమ్మ, యోహాను ప్రతిమలు ఉండేవి. ఆ అటక మీదికి ఎక్కడానికే మీరు చూసిన మెట్లు. తర్వాత 16వ శతాబ్దంలో, ప్రతిమలను కొలవడం తప్పనే ప్రొటెస్టెంటు మతం ఇంగ్లండులో నెలకొన్నప్పుడు, ఆరవ ఎడ్వర్డు రాజు కాలంలో ప్రతిమలు తీసేశారు. ఎలిజబెత్ రాణి ప్రభుత్వం 1561లో అటకలను దించమని, తెరను మాత్రం ఉంచమని ఉత్తరువిచ్చింది. గోడ మందంలో తొలిచిన మెట్లను పూడ్చే శ్రమ చాలాచోట్ల ఎవరూ పడలేదు.

కాబట్టి అక్కడి పాతదనాన్ని నిగనిగలాడే సామానులో కాక, ఇలాంటి మచ్చల్లో వెతకండి. మళ్లీ వెళ్లినప్పుడు తొట్టికి అవతలి అంచు కూడా తడిమి చూడండి. మూతకు రెండు వైపులా పట్టు కావాలి గనుక, ఇనుము లేకపోయినా అది ఊడినప్పుడు పెచ్చులేచిన గుంట ఉండవచ్చు.