డిగ్రీ మధ్యలో డిస్లెక్సియా అని తేలింది, ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి? మా అమ్మాయి విషయంలో జరిగింది చెప్తా

మీ ప్రశ్న రెండుసార్లు విన్నానమ్మా. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న తమ్ముడికి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, అని రిపోర్ట్ వచ్చింది, మూడు వారాలుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు, నాన్నేమో ఇన్నేళ్ళు మంచి మార్కులు తెచ్చుకున్నవాడికి ఇప్పుడెక్కడి జబ్బు అని కొట్టిపారేస్తున్నారు, మేం ఏం చేయాలి అని అడిగారు. ఐదేళ్ళ కిందటి మా ఇల్లే కనబడింది. మా అమ్మాయికి కూడా సరిగ్గా రెండో ఏడాదిలోనే తేలింది. నేను డాక్టర్నీ కాదు టీచర్నీ కాదు, తండ్రిని, అదీ మొదటి ఆరు నెలలూ తప్పు మీద తప్పు చేసిన తండ్రిని, కాబట్టి అవే ఎక్కువ చెప్తా.

ముందు మీ నాన్నగారి అనుమానం సంగతి. అది అందరికీ వచ్చేదే, నాకూ వచ్చింది. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం-5 అని ఒక పుస్తకం ఉంది, 2013లో వచ్చింది, అందులో దీని గురించి సూటిగానే ఉంది: ఈ ఇబ్బంది బడి వయసులోనే మొదలవుతుంది, కానీ చదువు బరువు మనిషి శక్తిని మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చు అని. టైమ్ పెట్టి రాయించే పరీక్షలు, తక్కువ గడువులో పొడుగాటి కష్టమైన రిపోర్టులు చదవడం, రాయడం, మరీ ఎక్కువైన చదువు బరువు, ఇవే దానికిచ్చిన ఉదాహరణలు. అంటే కాలేజీయే కదా.

మా అమ్మాయి స్కూల్లో ఎలా నెట్టుకొచ్చిందో తర్వాత తనే చెప్పింది. క్లాసులో టీచర్ చెప్పింది చెవిన పడితే చాలట, గుర్తుండిపోయేది. పాఠం పైకి చదవమంటే తనకంటే ముందు ఎంతమంది ఉన్నారో లెక్కేసుకుని తన వంతుకి ఏ పేరా వస్తుందో చూసుకుని దాన్నే లోపల్లోపల పదిసార్లు కూడబలుక్కుని రెడీగా ఉండేదట, ఎవరైనా ఆ రోజు రాకపోతే లెక్క తప్పి బిక్కచచ్చిపోయేదట. రాత్రిళ్ళు వాళ్ళమ్మ పుస్తకం చదివి వినిపించేది. మేం దాన్ని గారం అనుకున్నాం. కాలేజీకెళ్ళాక వారానికి 200 పేజీలు సొంతంగా చదవాలి, చదివి వినిపించే అమ్మ పక్కన లేదు, మొదటి సెమిస్టర్లోనే మూడు సబ్జెక్టులు పోయాయి.

తెలివికీ దీనికీ సంబంధం లేదన్న మాట కొత్తదేం కాదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లీష్ డాక్టరు పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి ఒక వైద్య పత్రికలో రాశాడు, ఆటల్లో చురుకు, లెక్కలు బాగా చేస్తాడు, కానీ ఏళ్ళ తరబడి నేర్పినా తన పేరు పెర్సీ అనేదే ప్రెసీ అని రాస్తాడు. చదువంతా నోటి మీదే సాగితే బళ్ళో వీడంత చురుకైనవాడు ఇంకొకడు ఉండడు అని వాళ్ళ మాస్టారన్నాడట. ఇది మా అమ్మాయికి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత 'ఆ మాస్టారు నాకు దొరికుంటే' అంది.

ఇక నా తప్పులు. రిపోర్ట్ చేతికి రాగానే నేను చేసిన మొదటి పని దాన్ని జిరాక్సులు తీయించడం. నిజంగా. ఒక కాపీ వాళ్ళ క్లాస్ టీచర్‌కి, ఒకటి మా అన్నయ్యకి (డాక్టరు కదా అని), ఒకటి తన స్నేహితురాలి తల్లికి, ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్. సాయం చేస్తున్నా అనుకున్నా. తనకి తెలిసి నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. చివరికి ఒక్క మాటే అంది, 'ఆ కాగితం నాది నాన్నా.' నిజమే కదా, పందొమ్మిదేళ్ళ పిల్ల, తన బుర్ర ఎలా పనిచేస్తుందో ఎవరికి చెప్పాలో తను తేల్చుకోవాలి. మీ తమ్ముడి రిపోర్ట్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? నాన్నగారి బీరువాలో ఉంటే ముందు తీసి వాడి చేతికివ్వండి. కాలేజీకి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది వాడిదే. మీరు చేయగలిగింది ఏంటంటే చెప్తే ఏమొస్తుందో కనుక్కుని పెట్టడం, వాడు తోడు రమ్మంటే వెళ్ళి పక్కన కూర్చోవడం, మాట్లాడాల్సింది వాడు.

రెండో తప్పు ఇంకా పాతది. చిన్నప్పటినుంచీ నా నోటికి అలవాటైపోయిన మాట ఒకటుంది, 'బద్ధకం.' నీకు తెలివుంది, బద్ధకమే. పొగిడాననే అనుకునేవాణ్ణి! కానీ గంటలో అయ్యే పనికి మూడు గంటలు కూర్చునే పిల్లని బద్ధకస్తురాలనడం ఎలాంటిదో ఆలోచించండి. రిపోర్ట్ వచ్చాక అందరం ముందుకి చూద్దాం, దిగులు పడకు, ఫలానా గొప్పవాడికి కూడా ఉందట అని ధైర్యం చెప్పడం మొదలుపెట్టాం, వెనకటి మాట మాత్రం ఎవరం వెనక్కి తీసుకోలేదు. మీ తమ్ముడు మూడు వారాలుగా మాట్లాడకపోవడంలో ఇది కొంతైనా ఉండొచ్చని నాకనిపిస్తోంది. ఇన్నేళ్ళ కష్టం ఎవరికీ కనబడలేదు అన్న కోపం, ముందే తెలిసుంటే అన్న బాధ, రెండూ ఉంటాయి. ధైర్యం చెప్పకండి, ఫలానా రోజు నేను నిన్నిలా అన్నాను, అది తప్పు అని ఆ రోజూ ఆ మాటా పేరుపెట్టి చెప్పండి. నేను చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. కానీ తిండి మానేయడం, నిద్ర లేకపోవడం, నేనెందుకూ పనికిరాను, ఉండి ఏం లాభం లాంటి మాటలు వినబడితే ఇవేవీ కాదు, అదే రోజు కౌన్సెలర్ దగ్గరకో డాక్టర్ దగ్గరకో తీసుకెళ్ళండి, ఆగొద్దు.

వాడు కాస్త తేరుకున్నాక ఆ రిపోర్టుని వాడితో కలిసి నిదానంగా చదవండి, వాడికి ఇష్టమైతేనే. మాకు మొదట చివరి ముక్క తప్ప ఏం అర్థం కాలేదు. సైకాలజిస్ట్ దగ్గరకి మళ్ళీ వెళ్ళి అడిగితే విప్పి చెప్పారు. అర్థం లేని ఉత్తుత్తి పదాలు చదివించారట, ఎందుకంటే తెలిసిన పదాన్ని చూడగానే గుర్తుపట్టేయొచ్చు, ఎన్నడూ చూడని పదాన్ని మాత్రం అక్షరాలని శబ్దాలుగా మార్చి కూడబలుక్కోవాల్సిందే, చిక్కంతా అక్కడే. రాసినట్టే పలికే భాషల్లో ఇది తప్పుల కంటే నెమ్మదితనంగా కనబడుతుందట, ఇంగ్లీష్‌లో ఐతే స్పెల్లింగ్ కూడా తన్నేస్తుంది. మా అమ్మాయికి విని అర్థం చేసుకోవడం చాలా పైన ఉంది, చదివే వేగం చాలా కింద ఉంది. ఆ రెండు నంబర్లు పక్కపక్కన చూశాకే 'అంటే నేను మొద్దుని కాదు' అని మొదటిసారి అంది.

కాలేజీలో అడగదగ్గవి చాలానే ఉంటాయి, పరీక్షకి అదనపు టైమ్, విడిగా నిశ్శబ్దంగా ఉండే గది, స్లైడ్లు ముందురోజే ఇవ్వడం, పాఠం రికార్డ్ చేసుకోనివ్వడం, చేత్తో బదులు టైప్ చేయనివ్వడం. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంలో చదువులో ఇలాంటి తగిన సర్దుబాట్లు చేయాలని ఉంది కాబట్టి ఇది ఎవరి దయా కాదు. ఒకటే జాగ్రత్త, వారాల ముందే అప్లై చేయాలి, అయిపోయిన పరీక్షకి సాధారణంగా వర్తించదు, మాకు అలా ఒక సెమిస్టర్ పోయింది. అదనపు టైమ్ వచ్చినా మొదటిసారి మా అమ్మాయి వాడలేదు, అందరి ముందూ దొంగతనం చేసినట్టుంటుంది అంది. నేను బతిమాలలా, అదే ఇబ్బంది ఉన్న వాళ్ళ సీనియర్ ఒకతను 'కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష రాయడం కాపీ కొట్టడమా' అన్నాడట, అంతే. మనం వంద చెప్పినా రాదు, అదే ఇబ్బంది ఉన్న ఇంకొకళ్ళు చెప్తే వస్తుంది, అలాంటివాళ్ళని వెతకడంలో మాత్రం సాయం చేయండి.

చదువు పద్ధతిలో అన్నిటికంటే పనికొచ్చింది ఫోన్‌లో ఉండే చదివి వినిపించే సదుపాయం. వింటూ అదే పేజీని కళ్ళతో వెంబడించడం. కొన్ని పీడీఎఫ్‌లు ఫొటో తీసినవి ఉంటాయి, వాటిని చాలాసార్లు ఫోన్ నేరుగా చదవలేదు, ముందు అక్షరాలుగా మార్చుకోవాలి, ఇది తెలియక వారం రోజులు యాప్ పాడైందనుకున్నాం. తను రాసిన వ్యాసాన్ని కూడా ఫోన్‌తో చదివించుకుని వింటుంది, కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుందట. ఆ తర్వాతి సెమిస్టర్లో ఒక సబ్జెక్టు తగ్గించుకుంది, ఏడాది ఆలస్యమవుతుందేమో అని నేను గింజుకున్నా, చివరికి ఐంది ఒక్క సెమిస్టరే.

రంగు కళ్ళద్దాలు, రంగు ప్లాస్టిక్ షీట్లు, కంటి వ్యాయామాలు అని చాలామంది చెప్తారు. నేనూ కొన్నా. ఇవి డిస్లెక్సియాని బాగుచేస్తాయనడానికి ఆధారాలు లేవని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘమూ కంటి డాక్టర్ల సంఘాలూ కలిసి 2009లోనే ప్రకటించాయని తర్వాత తెలిసింది. ఇది కంటిది కాదు, భాషది.

ఇంకొకటి చెప్పి ఆపుతా. టెస్టుకి ముందు ఒక ఫారం నింపమన్నారు, కుటుంబంలో ఇంకెవరికైనా చదవడంలో ఇబ్బంది ఉందా అని ఒక గడి. 'లేదు' అని రాయించింది నేనే. ఇది వంశంలో వస్తుందని, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం బాగా ఎక్కువని అప్పటికి నాకు తెలీదు. ఏడాది తర్వాత ఒక రాత్రి మా అమ్మాయే అడిగింది, 'నాన్నా, ఏ కాగితం వచ్చినా అమ్మకిచ్చి ఇందులో ఏముందో చూడు అంటావెందుకు?' కళ్ళజోడు కనబడలేదనో తీరిక లేదనో ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్న జవాబే చెప్పబోయి ఆగిపోయా. అందుకే మీ నాన్నగారి మీద మరీ కోప్పడకండమ్మా. ఈ జవాబు కూడా నేను నోటితో చెప్తుంటే ఫోన్ టైప్ చేసిందే, ఆ సెట్టింగ్ మా అమ్మాయే పెట్టిచ్చింది, ఎక్కడైనా అక్షరం అటూఇటూ ఐతే సర్దుకోండి.